ఆరంగుళాల మెట్టు

ఆ వేసవిలో మా ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం, నలుగురమూ కొలిచి బతికేవాళ్ళమే. మా ఆవిడ కుట్టుమిషను పెట్టుకుని వీధిలోవాళ్ళ నడుములు కొలుస్తుంది. మా అబ్బాయి కళ్ళద్దాల దుకాణంలో జనం చూపు కొలుస్తాడు. నేను దేశానికి పెద్ద రోడ్లు వేసి, వేసినవాటి బాగోగులు చూసే సర్కారువారి రహదారుల సంస్థలో నేల ఎత్తుపల్లాలు కొలుస్తాను. నాలుగో మనిషి మా కోడలు. ఆ ఏడాదే మా ఇంటికి వచ్చింది. వచ్చిన రెండు నెలలకి మా సంస్థలోకీ వచ్చింది, అదీ ఇంజినీరుగా, నా మీద అధికారిగా.

నేను ఇరవయ్యారేళ్ళుగా రోడ్డున పడ్డవాణ్ణి. ఎవరైనా రోడ్డున పడితే సంసారం కూలుతుంది, నేను రోడ్డున పడబట్టే మా సంసారం నిలబడింది. సైటులో నా పేరు రసమట్టం. గోడ తిన్నగా వచ్చిందో లేదో తాపీమేస్త్రీలు చూసుకునే బద్దని రసమట్టం అంటారు కదా, అందులో రసం నాదనీ మట్టం సంస్థదనీ అందరికీ నేనే చెప్పేవాణ్ణి. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి.

మా పని చూడటానికి తేలిక. మూడుకాళ్ళ మీద ఒక దుర్భిణి, దూరంగా ఒక మనిషి పట్టుకున్న గీతల బద్ద. ఎత్తు ముందే తెలిసిన ఒక గుర్తు దగ్గర మొదలుపెట్టి, అక్కణ్ణించి ఎంత ఎక్కాం, ఎంత దిగాం అని రాసుకుంటూ పోవడమే. ఆ గుర్తుని బెంచిమార్కు అంటారు. పేరులో బెంచి ఉన్నా కూర్చోవడానికి పనికిరాదు, మార్కు ఉన్నా పాసవడానికి పనికిరాదు. కానీ అది లేకపోతే రోడ్డు ఏ ఎత్తున పోవాలో దేవుడికి కూడా తెలియదు.

మా వీధికి దగ్గరలో ఉన్న బెంచిమార్కు మా ఇంటి ముందు మెట్టే. నల్లరాతి పలక. పెద్దరోడ్డు మొదటిసారి వేసినప్పుడు, ఈ చుట్టుపక్కల కదలని రాయి ఇదొక్కటేనని అప్పటి ఇంజినీరు దాని అంచుమీద ఉలితో ఒక అడ్డగీత, గీత కింద ఒక బాణం చెక్కించాడు. ఆ గీత ఎత్తు సముద్రమట్టానికి పైన నూట నలభై రెండు మీటర్ల పదహారు సెంటీమీటర్లు. ఆ సంఖ్య సంస్థ రిజిస్టరులో ఉంది, మ్యాపులో ఉంది, నా నాలుక చివర ఉంది. పెళ్ళిచూపులప్పుడు మా ఆవిడ పుట్టినరోజు ఎప్పుడని అడగడం మరిచిపోయాను గానీ, మా ఇంటి మెట్టు ఎత్తు మాత్రం వాళ్ళ నాన్నకి చెప్పాను.

కోడలు సంస్థలో చేరిన రోజున ఆ మెట్టుకి ఇంకో పని తగిలింది. నేను ఆ అమ్మాయిని ఏమని పిలవాలి, ఆ అమ్మాయి నన్ను ఏమనాలి అన్న గొడవ తెగలేదు. చివరికి మా ఆవిడే తీర్పు చెప్పింది.

“మెట్టు దిగితే ఆవిడ మేడమ్, మీరు మాస్టారు. మెట్టెక్కితే అది కోడలు, మీరు మామయ్య. మెట్టు మీద నిలబడి మాత్రం ఇద్దరూ మాట్లాడుకోకండి, నాకు దారి అడ్డం.”

“నేను మెట్టు దిగే మనిషిని కాదే,” అన్నాను.

“దిగకపోతే ఆఫీసుకి ఎలా వెళ్తారు మామయ్యా?” అంది కోడలు, టిఫిన్ డబ్బా మూత పెడుతూ. ఇంటికొచ్చిన మూడో నెలకే నా మీద జోకు వేసింది. అది చూసి నాకు భయమూ వేసింది, ముచ్చటా వేసింది.

ఆ వేసవిలో మాకు పడిన పని మా వీధి చివరే. వీధిలో పడిన వాన పెద్దరోడ్డు కిందనున్న కల్వర్టులోంచి అవతలికి దాటి, రోడ్డు పక్క కాలువలో పడి, కిలోమీటరు దూరంలో ఉన్న వంకలో కలవాలి. పాత కల్వర్టు ఇరుకు. గట్టి వాన పడితే నలభై ఇళ్ళ ముందుగదుల్లో చీలమండ లోతు నీళ్ళు. వానలు మొదలయ్యేలోగా కొత్త కల్వర్టు, కొత్త కాలువ కట్టాలని పైనుంచి ఆర్డరు. వంక మీది వంతెన దగ్గర మొదలుపెట్టి పైకి కాలువ తేవడం మా కోడలి వంతు. మా వీధి చివర కల్వర్టుకి ఎత్తులు ఇవ్వడం నా వంతు. ఇద్దరి పనీ రోడ్డు పక్కన కలవాలి. నీళ్ళు వంకలోకి పోవాలి గానీ మనం వంకల్లోకి పోకూడదని మొదటిరోజే సైటులో ఉపన్యాసమిచ్చాను. ఆ అమ్మాయికి ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అన్నది ఆ కాలువ చూసి తేలుస్తామని పెద్ద ఇంజినీరు ఆ మొదటిరోజే చెప్పాడు.

పని మొదలవబోతుండగా నన్ను పన్నెండు రోజులు ఇంకోచోటికి పంపారు, ఒక కొండరోడ్డు మలుపులు కొలవమని. తిరిగొచ్చిన రోజు సాయంత్రం నాలుగింటికి సంచి భుజాన వేసుకుని మెట్టెక్కబోయాను. ఎక్కలేదు, తన్నుకున్నాను. కుడికాలి బొటనవేలు రాతికి కొట్టుకుని, సంచి ముందుగదిలో పడింది, నేను సంచి మీద పడ్డాను.

“వచ్చారా?” అంది మా ఆవిడ, మిషను మీంచి తల ఎత్తకుండా.

“వచ్చాను. పడ్డాను కూడా. ఏమిటిది, పన్నెండు రోజులు లేకపోయేసరికి ఇల్లు నన్ను బయటికి తన్నేస్తోందా?”

“మెట్టు ఎత్తించాను. మేస్త్రీ వచ్చి రాయి లేపి, కింద ఇటుకలు పేర్చి, మళ్ళీ అదే రాయి కూర్చోబెట్టాడు. ప్రతి వానకీ కుట్టిన బట్టలన్నీ మంచమెక్కించలేక చస్తున్నాను. మీ గీత చెక్కుచెదరకుండా చూడమని వాడి నెత్తిమీదే నిలబడ్డాను, చూసుకోండి.”

చూసుకున్నాను. గీత గీతలా ఉంది, బాణం బాణంలా ఉంది. సిమెంటు మరక కూడా తుడిచి పెట్టింది.

“నాకో మాట చెప్పచ్చుగా.”

“నాలుగేళ్ళుగా చెబుతున్నాను. ఊళ్ళో అందరి ఎత్తులూ చూసే మనిషికి ఇంటి ముందు ఎత్తు కనబడదు మరి.”

“ఇది ఎత్తు కాదే, ఎత్తిపొడుపు,” అన్నాను, వేలు పట్టుకుని కుంటుతూ.

ఆ వారంలో ఇంకో అయిదుసార్లు తన్నుకున్నాను. గోరు నల్లబడింది. మా అబ్బాయి నాకు ఉచితంగా కళ్ళు పరీక్షిస్తానన్నాడు. ఎనిమిదో రోజుకి కాలు కుదురుకుంది. మెట్టు రాగానే దానంతటదే ఒక పిసరు ఎక్కువ లేవడం నేర్చుకుంది. నేర్చుకున్నది తలకి మాత్రం చెప్పలేదు. నేను మరీ పొడుగు కాదు గానీ, నా కాలికీ తలకీ మధ్య దూరం బాగానే ఉందని ఆ వేసవిలోనే తెలిసింది.

తొమ్మిదో రోజు పొద్దున్న కల్వర్టుకి ఎత్తులు తీశాను. దుర్భిణి మా వీధిలో పాతుకుని, బద్ద పట్టే మనిషిని ఎప్పటిలాగే మా మెట్టు దగ్గర నిలబెట్టి, గీతకి ఆనించి బద్ద పట్టించి, పుస్తకంలో మొదటి వరసలో నూట నలభై రెండు పాయింట్ ఒకటి ఆరు అని రాశాను. చూడకుండా రాయగలను. చూడకుండానే రాశాను.

నియమం ప్రకారం ఒక గుర్తు దగ్గర బయల్దేరి, ఎత్తు తెలిసిన ఇంకో గుర్తు దగ్గర తేలాలి. రెండో గుర్తు వంక మీది వంతెన గోడకి ఉంది. అక్కడ తేలితే లెక్క సరిపోయిందో లేదో తెలిసిపోతుంది. అయితే వంతెన కిలోమీటరు దూరం, ఎండ చూస్తే మాడు పగిలేలా ఉంది, మా ఇల్లు చూస్తే పక్కనే ఉంది. నేను ఏళ్ళ తరబడి మా మెట్టు దగ్గర బయల్దేరి, చుట్టూ తిరిగి, మా మెట్టు దగ్గరే తేలేవాణ్ణి. సరిగ్గా భోజనం వేళకి. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. మా ఆవిడ వంటింట్లో మాత్రం ఉంది.

కోడలు అప్పుడే కాలువ పనివాళ్ళ దగ్గర్నించి నడుచుకుంటూ వచ్చింది. నెత్తిన పసుపు హెల్మెట్, చేతిలో పుస్తకం.

“మాస్టారూ, ఒకసారి వంతెన గుర్తుతో కూడా కలుపుకుంటే బాగుంటుందేమో.”

“ఎందుకు మేడమ్? బయల్దేరిన చోటికే తిరిగొస్తున్నాను. దారిలో తప్పు జరిగితే అక్కడే బయటపడుతుంది.”

“బయల్దేరిన చోటే తప్పయితే?”

“అది మా ఇల్లు మేడమ్. అందులో తప్పుంటే మీ అత్తగారిని అడగాలి.”

అందరూ నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. నవ్వుతూనే తన పుస్తకంలో ఏదో రాసుకుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి మెట్టు దగ్గరికి తిరిగొచ్చి లెక్క కట్టాను. తేడా రెండు మిల్లీమీటర్లు. ఇరవయ్యారేళ్ళలో అంత బాగా నాకు ఎప్పుడూ కలవలేదు. భోజనాల దగ్గర ఆ రెండు మిల్లీమీటర్ల గురించి మా ఆవిడకి అరగంట చెప్పాను. ఆవిడ రెండో గరిటె కూర వేసి, “రెండు మిల్లీమీటర్ల తేడాతో కుడితే జాకెట్టు వెనక్కిచ్చేస్తారు,” అంది.

నేను పాతించిన మేకుల ఎత్తుకే కల్వర్టు అడుగున కాంక్రీటు పోశారు. నాలుగు వారాల్లో గోడలు లేచాయి. అవతల్నించి కోడలి కాలువ దగ్గరపడుతూ వచ్చింది. మబ్బులు కూడా దగ్గరపడుతున్నాయి. రెండూ కలవడానికి చేరెడు మట్టి మిగిలిన రోజున, పార తీసిన పనివాడు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

కల్వర్టు అడుగు పైన ఉంది. కాలువ అడుగు కింద ఉంది. రెంటికీ మధ్య ఆరంగుళాలు.

రోలరు డ్రైవరు రోలరు దిగి వచ్చాడు. ఆయన నడకని బట్టి అందరూ ఆయన్ని నిదానం అంటారు. కాసేపు చూసి, “రెండు వైపులా ఒకే దేశం వాళ్ళేనా కట్టింది?” అన్నాడు.

పెద్ద ఇంజినీరుని పిలిపించారు. ఆయన వచ్చేసరికి నేను నా పుస్తకం తెరిచి పెట్టుకున్నాను, కోడలు తన పుస్తకం తెరిచి పెట్టుకుంది.

“ఎవరిది తప్పు?” అన్నాడాయన, కూర్చోకుండానే.

“నా లెక్క రెండు మిల్లీమీటర్లకి కలిసింది సార్,” అన్నాను.

“నేను వంతెన గుర్తు దగ్గర మొదలుపెట్టాను సార్,” అంది కోడలు. “మూడుసార్లు సరిచూశాను.”

“ఆ వంతెనకి నిరుడు మరమ్మతులు జరిగాయి సార్,” అన్నాను. “గోడ కదిలుంటుంది. గోడతో పాటు గుర్తూ కదిలుంటుంది. మేడమ్ తప్పేం లేదు, ఆ గుర్తుని నమ్మారు, అంతే.”

ఎంత పెద్దమనిషిలా మాట్లాడానో ఇప్పుడు తల్చుకుంటే నా వీపు నేనే చరుచుకోవాలనిపిస్తుంది, గట్టిగా.

“మరి మీ గుర్తు కదల్లేదని ఏమిటి నమ్మకం?” అంది కోడలు. గొంతు పెంచలేదు.

“నా గుర్తు నా ఇంటి మెట్టు మేడమ్. అదెక్కడికి పోతుంది? ఇరవయ్యారేళ్ళుగా రోజూ ఎక్కి దిగుతున్నాను. నా కాలికి తెలియదా?”

ఆ అమ్మాయి ఏదో అనబోయింది. నోరు తెరిచి, నా కాళ్ళవైపు చూసింది. నేను చెప్పులేసుకుని ఉన్నాను. చాలాసేపు చూసి, నోరు మూసేసుకుంది. వాదించలేకపోయిందనుకున్నాను.

పెద్ద ఇంజినీరు రెండు పుస్తకాలూ తిప్పి చూశాడు. ఒకదాని మీద ఇరవయ్యారేళ్ళున్నాయి, ఇంకోదాని మీద అయిదు నెలలు. “కాలువ అంత పల్లంలో ఉంటే వంక దాకా వాలు చాలదు, నీళ్ళు నిలిచిపోతాయి. రేపు పొద్దున్న ఎనిమిదింటికి చివరి అరవై మీటర్లూ బద్దలుకొట్టి, కల్వర్టు ఎత్తుకి లేపి కట్టండి,” అన్నాడు. తర్వాత కోడలివైపు తిరిగి, “మీ సంగతి వానల తర్వాత చూద్దాం. ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఇప్పుడే పంపలేను,” అన్నాడు.

“సరే సార్,” అంది ఆ అమ్మాయి. పుస్తకం మూసి, హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో అందరూ ముందుగదిలోనే ఉన్నారు. కోడలు మెట్టెక్కి లోపలికి వచ్చి, అందరికీ టీ పెట్టి, నాకు నా కప్పులోనే ఇచ్చింది. కప్పు కింద పెట్టేటప్పుడు చప్పుడు కూడా చేయలేదు. కాస్త చప్పుడు చేసి ఉంటే నాకు హాయిగా ఉండేది. మా అబ్బాయి నావైపూ పెళ్ళాంవైపూ మార్చి మార్చి చూసి, ఏ కంటికి ఏ అద్దం వేయాలో తెలియనట్టు లేచి లోపలికి పోయాడు.

“అరవై మీటర్లటగా,” అంది మా ఆవిడ.

“పనిలో పని. ఇంట్లోకి తేకు.”

“నేను తేలేదు. అదే నడుచుకుంటూ వచ్చింది.”

ఆరున్నరకి నిదానం వచ్చాడు. నన్ను ఓదార్చడానికో, కోడల్ని ఓదార్చడానికో ఆయనకే తెలియదు. పాతికేళ్ళుగా మా ఇంటికి వస్తున్న మనిషి. చేతిలో సంచితో, తన మామూలు నడకతో వచ్చి మెట్టెక్కబోయి, వేలు గట్టిగా తగిలి, గుమ్మం పట్టుకుని ఆగాడు.

“ఇదేమిటయ్యా, మీ ఇల్లు లేచింది?”

నేను పగలబడి నవ్వాను. పొద్దున్నించీ ఆ ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అదే. “మొదట్లో అందరికీ ఇంతే. నేనూ ఆరుసార్లు తన్నుకున్నాను. నా వేలు చూడు, ఇంకా నల్లగానే ఉంది. ఆ మెట్టు మా ఆవిడ నేను ఊళ్ళో లేనప్పుడు ఎత్తిం…”

నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. నిదానం వేలు పట్టుకుని నావైపు చూస్తున్నాడు, తర్వాతి జోకు కోసం.

మా ఆవిడ మిషను మీదున్న టేపు తీసుకుని మెట్టు దగ్గర గొంతుకూచున్నాను. రాతికి కింద కొత్త ఇటుకలు రెండు వరసలు, మధ్యలో సిమెంటు. కొలిచాను. ఇంకోసారి కొలిచాను. మూడోసారి కొలవడానికి సిగ్గేసింది.

“ఎన్నంగుళాలు?” అంది మా ఆవిడ వెనక నిలబడి.

“నీకు తెలుసుగా.”

“ఆరు. నా టేపుతోనే కొలిపించాను.” ఆవిడ మేం ఎత్తులు రాసుకునే లెవెల్ పుస్తకం చదవలేదు గానీ, ఎక్కడ లాగితే ఎక్కడ బిగుస్తుందో ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్న మనిషి. “అంటే మీరు పెట్టించిన కల్వర్టు కూడా ఆరంగుళాలు పైకి పోయిందా?”

“పోయింది.”

“మరి రేపు దాని కాలువ కూడా మీ ఎత్తుకే లేపి కడితే, వానకి ఏమవుతుంది?”

“వీధిలో నీళ్ళు ఇంకో ఆరంగుళాలు లేస్తేగానీ కల్వర్టులోకి పోవు. నలభై ఇళ్ళలోకీ వస్తాయి.”

“మనింట్లోకి?”

మెట్టువైపు చూశాను. “రావు. మన మెట్టు ఎత్తించాం కదా.”

ఆవిడ నా చేతిలో టేపు తీసుకుని, చుట్టి, మిషను మీద పెట్టేసింది. నిదానం సంచిలోంచి అరటిపండ్లు తీసి బల్లమీద పెట్టి, చాలా జాగ్రత్తగా మెట్టు దిగి వెళ్ళిపోయాడు.

నేను ఆ సంగతి ఎవరికీ చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. గుర్తు చెక్కుచెదరలేదు, పుస్తకంలో రెండు మిల్లీమీటర్లే తేడా, పెద్ద ఇంజినీరు సంతకం కూడా అయిపోయింది. ఇదంతా ఒకసారి అనుకున్నాను. అనుకోలేదంటే అబద్ధమాడినట్టవుతుంది. అనుకున్నాక, నా లెవెల్ పుస్తకం తీసి, మొదటి వరసలో నూట నలభై రెండు పాయింట్ ఒకటి ఆరుని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, ఆరంగుళాలకి పదిహేను సెంటీమీటర్లు కలిపి, పక్కన పాయింట్ మూడు ఒకటి అని రాసి, తేదీ వేసి సంతకం చేశాను. ఇరవయ్యారేళ్ళలో నా పుస్తకంలో ఎర్ర సిరా అదే మొదలు. చూడటానికి అంత అసహ్యంగా ఏమీ లేదు.

పొద్దున్న ఏడూ నలభైకి సైటులో ఉన్నాను. కాంక్రీటు పగలగొట్టే మిషను కాలువ వైపు తిప్పి పెట్టారు. పదిహేనుమంది పనివాళ్ళున్నారు, నిదానం ఉన్నాడు, కోడలు హెల్మెట్ పెట్టుకుని గట్టుమీద నిలబడి ఉంది. పెద్ద ఇంజినీరు జీపు దిగగానే ఎదురెళ్ళి పుస్తకం ఇచ్చాను.

“సార్, మిషను అటు తిప్పించండి. పగలగొట్టాల్సింది కల్వర్టు.”

ఆయన ఎర్ర సిరా చూశాడు. “ఏమిటిది?”

“మా ఇంటి మెట్టు నెలన్నర కిందట ఆరంగుళాలు ఎత్తించాం సార్. నాకు తెలుసు. రోజూ తన్నుకున్నాను కూడా. అయినా పాత ఎత్తే రాశాను. వంతెన గుర్తుతో కలుపుకోమని మేడమ్ చెప్పారు, వినలేదు. అక్కడికి పోతే భోజనం ఆలస్యమవుతుందని.”

పనివాళ్ళలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెద్ద ఇంజినీరు నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. తర్వాత పైనుంచి కిందదాకా చూసి, వేలి దగ్గర ఆగాడు.

“భోజనం అని కూడా రాయాలా రిపోర్టులో?”

“రాయండి సార్. మా ఆవిడకి గొప్పగా ఉంటుంది.”

ఆయన నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి కష్టపడ్డాడని మాత్రం చెప్పగలను. నా సర్వీసు పుస్తకంలో ఒక హెచ్చరిక ఎక్కింది, మా కోడలి కాగితం ఆ మధ్యాహ్నమే పైకి వెళ్ళింది. మిషను ఇటు తిరిగింది. నేను ఎత్తులు ఇచ్చిన కల్వర్టు అడుగుని నా కళ్ళముందే ముక్కలు చేసి ఎత్తిపోశారు. ఆ చప్పుడు ఛాతీలో వినబడింది. పదకొండు రోజుల్లో మళ్ళీ పోశారు. ఈసారి దుర్భిణి దగ్గర కోడలు నిలబడింది, బద్ద నేను పట్టుకున్నాను. వంతెన దాకా ఎండలో నడిచాం. భోజనం మూడింటికి చేశాం.

ఆ నడకలోనే అడిగాను. “ఆ రోజు నా కాళ్ళవైపు ఎందుకు చూశారు మేడమ్?”

“మీ గోరు చూశాను. రోజూ ఆ మెట్టెక్కేదాన్నే, నాకూ అప్పుడే వెలిగింది.”

“అప్పుడే? మరి అక్కడే ఎందుకనలేదు?”

ఆ అమ్మాయి నాలుగడుగులు నడిచింది. “పదిమందిలో మీ మాట మీరు వెనక్కి తీసుకుంటే అది మాటగా ఉంటుంది. నేను లాక్కుంటే తగువవుతుంది. మీకే తడుతుందనుకున్నాను.”

“తట్టకపోతే? అరవై మీటర్లు పోయేది, నీ ఉద్యోగం పోయేది.”

“పోనిచ్చేదాన్ని కాదు మామయ్యా. ఎనిమిదింటి దాకా ఆగుదామనుకున్నాను. ఎనిమిదీ అయిదుకి నేనే చెప్పేదాన్ని. లెక్క కూడా వేసి పెట్టుకున్నాను.” పుస్తకం తెరిచి చూపించింది. మా మెట్టు కొత్త ఎత్తు, సెంటీమీటరు తేడా లేకుండా. తేదీ ఆ గొడవ జరిగిన రోజుది. టైము కూడా వేసింది, సాయంత్రం అయిదూ పది. టీ పెట్టడానికి ముందు.

సైటులో మామయ్యా అనేసిందని ఇద్దరమూ గమనించలేదు. అప్పట్నించి ఆ నియమం గంగలో కలిసింది. ఇప్పుడు రోడ్డుమీద ఆ అమ్మాయి మామయ్యా అంటుంది, ఇంట్లో నేను మేడమ్ అంటాను, మా అబ్బాయి ఇద్దరికీ భయపడతాడు.

కల్వర్టు పూర్తయిన నాలుగోరోజు వాన పడింది. సాయంత్రం మూడుగంటలు ఆపకుండా కొట్టింది. వీధివీధంతా గుమ్మాల్లో నిలబడింది, చేటలూ చీపుర్లూ పట్టుకుని. నీళ్ళు నిండుగా వచ్చి, వీధి చివర ఒకసారి సుడి తిరిగి, కల్వర్టులో దూరి, అవతల కాలువలో తేలి, గొడవ చేయకుండా వంకవైపు వెళ్ళిపోయాయి. పాత మెట్టు ఉన్నా తడిసేది కాదు. చీపుర్లు లోపలికి వెళ్ళిపోయాయి. ఎదురింటావిడ మా కోడల్ని పిలిచి, “ఇంతేనా?” అంది, ఏదో తగ్గినట్టు.

మా ఆవిడ మెట్టుమీద నిలబడి చూసి, “అయితే నేను అనవసరంగా ఎత్తించాను. ఎక్కడానికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. రేపే మేస్త్రీని పిలిచి దింపించేస్తాను,” అంది.

“వద్దు,” అన్నాను. “వద్దు అత్తయ్యా,” అంది కోడలు. రెండూ ఒకేసారి వచ్చాయి.

“నా ఇంటి మెట్టు నేను దించుకోకూడదా?”

“కొత్త ఎత్తు మొన్ననే రిజిస్టరులో ఎక్కించాం అత్తయ్యా. కదపాలంటే ముందు ఆఫీసుకి రాతపూర్వకంగా తెలపాలి.”

తెలపదనుకున్నాం. వారం తిరక్కుండా మా ఆఫీసుకి ఒక అర్జీ వచ్చింది, కుట్టుపని రసీదు పుస్తకంలో కాగితం మీద, గుండ్రటి అక్షరాలతో. “అయ్యా, మీ సంస్థవారు ఇన్నేళ్ళుగా నా ఇంటి మెట్టు వాడుకుంటున్నారు. నాకు మోకాళ్ళ నొప్పులు. మెట్టు ఆరంగుళాలు దించుకోవడానికి అనుమతి ఇప్పించగలరు. ఈ విషయమై నా భర్తనీ కోడలినీ అడిగితే ఇద్దరూ ఏకమై కాదన్నారు. ఇంట్లో నాకు న్యాయం జరిగే దారి లేదు గనక, దారులు వేసే మీకు రాసుకుంటున్నాను.”

జోకులు నావి, పేరు నాది, ఆఖరి మాట ఆవిడ కొట్టేసింది. పెద్ద ఇంజినీరు దాన్ని రెండుసార్లు చదివి, అడుగున “రసమట్టం స్వయంగా చూసి నివేదిక ఇవ్వాలి” అని రాసి నాకే పంపాడు.

ఆఫీసు పనిమీద మా ఇంటికి వెళ్ళాను. కోడలు దుర్భిణి దగ్గర నిలబడింది. ఎండలోనే వంతెన గుర్తు దగ్గర బయల్దేరి మా మెట్టు దగ్గర తేలాం. మా ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, మమ్మల్ని లోపలికి రమ్మనలేదు, మంచినీళ్ళు మాత్రం ఇచ్చింది. పని అయ్యాక చెప్పులు విడిచి, కుడికాలు మెట్టుమీద పెట్టి ఎక్కాను. దిగాను. మళ్ళీ ఎక్కాను.

తర్వాత అక్కడే కూర్చుని నివేదిక రాశాను. ఎత్తు నూట నలభై రెండు మీటర్ల ముప్ఫయ్యొక్క సెంటీమీటర్లు. మెట్టు దించవచ్చు, దించిన రోజే రిజిస్టరు దిద్దాలి, దిద్దాక వంతెన గుర్తుతో కలిపి చూడాలి. కింద కోడలు సంతకం చేసింది, దాని కింద నేను చేశాను. పంపబోతూ ఆగి, సంతకం పక్కన ఒక ముక్క చేర్చాను:

“ఈసారి కాలిని కూడా అడిగాను.”